'ఫ్యూ', 'ఎ ఫ్యూ'

సభకు పదిమంది వచ్చారు. ఇంగ్లీషులో వారిని 'ఫ్యూ' అనవచ్చును, 'ఎ ఫ్యూ' అనవచ్చును. మొదటి మాట రానివారిని తలపిస్తుంది. రెండవది వచ్చినవారిని చూపిస్తుంది. భేదం సంఖ్యలో లేదు, చెప్పేవాని దృష్టిలో ఉన్నది. రెండింటినీ 'కొందరు' అని తెనిగిస్తే మూలంలోని నిరాశ కాస్తా తృప్తిగా మారిపోతుంది. "ఆ కవిని చదివినవారు కొద్దిమందే" అన్నప్పుడు ఆ నిరాశను పలికించేది చివరనున్న ఏకారం. ఇంగ్లీషు 'ఎ'ను తీసివేసి చెప్పేదానిని తెలుగు ఏకారాన్ని చేర్చి చెబుతుంది. అనువాదకులు తరచు మరచేది ఈ చిన్న అక్షరాన్నే.

'లిటిల్', 'ఎ లిటిల్' అనేవాటికీ ఇదే న్యాయం. అయితే అవి లెక్కకందని పదార్థాలకు. తెలుగువానికి చిక్కు ఇక్కడ ఎదురవుతుంది. నీళ్లు, పాలు తెలుగులో బహువచనాలు. 'కొన్ని నీళ్లు' అనడం సహజం. ఇంగ్లీషులో నీరు ఏకవచనం, దానికి 'ఎ ఫ్యూ' చెల్లదు.

'లెస్', 'ఫ్యూవర్'ల తగవు ఇంతటిది కాదు. లెక్కించదగినవాటికి 'ఫ్యూవర్' మేలని 1770లో రాబర్ట్ బేకర్ అన్నాడు. ఒకరి అభిరుచి క్రమంగా నియమమై కూర్చున్నది. అంతకు శతాబ్దాల ముందునుంచీ 'లెస్' ఆ చోట వాడుకలో ఉన్నదే. దానిని మీరినా అర్థం చెడదు. 'క్వైట్ ఎ ఫ్యూ'ను మాత్రం మాటకు మాటగా తెనిగించరాదు. దాని అర్థం 'చాలామంది'.