క్షేత్రం సున్నా, పొటెన్షియల్ కాదు

మెన్లో పార్క్ ప్రయోగశాలతో ప్రసిద్ధుడైన థామస్ ఎడిసన్ పేరును 1954లో స్వీకరించిన న్యూజెర్సీలోని ఎడిసన్ పట్టణంలో తెలుగు కుటుంబాలు గణనీయంగా స్థిరపడ్డాయి. అక్కడ వైద్యవిద్యను కోరే విద్యార్థి సాధారణంగా ఇంటర్ స్థాయి నీట్‌కు బదులు, డిగ్రీ చదువుతూనో ముగించాకో ఎంక్యాట్ రాస్తాడు. అందులోని భౌతిక, రసాయన శాస్త్రాల విభాగంలో 95 నిమిషాలలో 59 ప్రశ్నలకు, క్యాలిక్యులేటర్ లేకుండా జవాబివ్వాలి గనుక, అభ్యాస గ్రంథాలలోని పొరపాటు విద్యార్థి మనసులో సూత్రంగానే నాటుకుంటుంది.

స్థిర విద్యుత్తులో తరచు కనిపించే పొరపాటు, విద్యుత్ క్షేత్రాన్ని పొటెన్షియల్‌తో కలిపేయడం. ఏకాంక ధనావేశంపై పనిచేసే బలం అయిన క్షేత్రానికి దిశ ఉంటుంది. ఏకాంక ఆవేశానికి ఉండే స్థితిశక్తి అయిన పొటెన్షియల్‌కు దిశ ఉండదు, గుర్తు మాత్రమే ఉంటుంది. అందుచేత రెండు సమాన ధనావేశాల నడిమి బిందువు వద్ద క్షేత్రాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నా పొటెన్షియల్‌లు కూడుకుంటాయి. ఒకటి రుణావేశమైతే ఫలితం సరిగ్గా తలకిందులవుతుంది. క్షేత్రం సున్నా కాబట్టి పొటెన్షియల్ కూడా సున్నా అని వివరించే జవాబు, ఎంత చక్కగా అచ్చయినా, తప్పే.

గుర్తుల విషయంలో అజాగ్రత్త వైద్య విద్యార్థికి మరింత చేటు. విశ్రాంత నాడీకణం లోపలి భాగం వెలుపలికంటే దాదాపు 70 మిల్లీవోల్టులు రుణాత్మకంగా ఉంటుంది. కణపొర మందం 7 నానోమీటర్లనుకుంటే క్షేత్రం మీటరుకు కోటి వోల్టులు. దాని దిశ లోపలికే గనుక సోడియం అయాన్‌పై విద్యుద్బలం లోపలికి, రుణావేశం గల క్లోరైడ్‌పై వెలుపలికి పనిచేస్తుంది.