ఆగిన చోటి నుంచే మొదలు

హైదరాబాద్‌-విజయవాడ రహదారి మీద నార్కట్‌పల్లి దాటాక, నకిరేకల్‌ రాకముందే కట్టంగూర్‌ తగులుతుంది. సాయంత్రం బడి గంట కొట్టాక ఇక్కడి వీధుల్లో పిల్లలంతా ఒకేలా కనిపిస్తారు. అదే యూనిఫాం, అదే సంచి. కానీ వాళ్లలో కొందరు పొద్దంతా బోర్డు వైపు చూసి, చదవలేక, పక్కవాళ్ల నోట్సులోంచి దించుకుని ఇంటికి పోతున్నవాళ్లు. ఈ కథనం ఆ పిల్లల గురించి, వాళ్ల పక్కన రోజుకో గంట కూర్చోగల ఊరి అన్నలు, అక్కల గురించి.

పల్లె పిల్లల చదువును కొలిచే ‘అసర్‌’ సర్వే చెప్పిన లెక్క గుండె కలుక్కుమనిపిస్తుంది. తెలంగాణ పల్లెల్లో రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 2018లో 18.1 శాతం. కరోనాకు బడులు మూతపడి తెరుచుకున్నాక, 2022లో 5.2 శాతం. అంటే నూటికి ఐదుగురు. ఆ ఏడాదే ప్రభుత్వం ప్రాథమిక బడుల్లో చదవడం, రాయడం, లెక్కలు గట్టిపరిచే ‘తొలిమెట్టు’ కార్యక్రమం మొదలుపెట్టింది. అయితే ఆనాటి మూడో తరగతి పిల్లలు ఇప్పటికే హైస్కూలు మెట్లెక్కేశారు. అక్కడ సైన్సు, సోషల్‌ పాఠాలు వాళ్ల కోసం ఆగవు.

వెనకబడిన పిల్లలకు చదువు ఎలా అందించాలో తెలుసుకోవడానికి మనం దూరం పోనక్కర్లేదు. చరిత్రకారుడు మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట 1981లో ఏర్పడిన ఎం.వి. ఫౌండేషన్‌, 1990ల మొదట్లో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పనికి పోయే పిల్లలను బడి బాట పట్టించింది. దాన్ని నడిపించిన శాంతా సిన్హాకు 2003లో రామన్‌ మెగసెసె పురస్కారం వచ్చింది. ఇల్లిల్లూ తిరిగి అమ్మానాన్నలతో మాట్లాడిన వాలంటీర్లలో చాలామంది ఆ ఊళ్లవాళ్లే, తమ ఇంట్లో మొదటిసారి చదువుకున్నవాళ్లే. పన్నెండేళ్ల పిల్లను తీసుకెళ్లి ఒకటో తరగతిలో, చెల్లెలి వయసు పిల్లల మధ్య కూర్చోబెడితే ఆ పిల్ల మర్నాడు రాదు. అందుకే బ్రిడ్జి కోర్సు శిబిరాలు పెట్టి, అక్కడ చదివించి, వయసుకు తగిన తరగతిలో చేర్పించారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్‌ ఇదే మాట చెబుతుంది: వయసుకు తగిన తరగతి, తోటివాళ్లతో సమానమయ్యేందుకు ప్రత్యేక శిక్షణ. సిగ్గుపడే పిల్ల మనసు ఒక చట్టానికి అర్థమైందంటే, అందులో ఆ వాలంటీర్ల చెమట ఉందని నేను నమ్ముతాను.

బడిలో పేరున్నా చదువు రాని పిల్లల పక్కన కూర్చోవాలంటే మొదట తెలుసుకోవాల్సింది వాళ్లు ఎక్కడ ఆగిపోయారన్నది. ఐదో తరగతి పుస్తకం ఇచ్చి చదవమంటే కొందరు గడగడా అప్పజెప్పేస్తారు. వినీ వినీ నోటికొచ్చిన పాఠమది. మధ్యలో ఒక పదం మీద వేలు పెట్టి అడగండి, నోరు ఆగిపోతుంది. అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కథ అనే వరసలో చదివించి చూస్తే పది నిమిషాల్లో తేలిపోతుంది. తెలుగులో ఎక్కువమంది గుణింతాల దగ్గరో ఒత్తుల దగ్గరో చిక్కుకుంటారు. తరగతి సంగతి పక్కన పెట్టి, అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఆ మొదటి పాఠం పిల్లల నోటి నుంచే రావాలి. ఇయ్యాల ఇంట్లో ఎవరున్నారని అడిగితే ఓ పిల్ల “మా అమ్మ పత్తి ఏరవోయింది” అంటుంది. ఆ మాట అన్నట్టే రాసి చూపించాలి, పుస్తకాల భాషలోకి దిద్దకూడదు. రెండు ఒత్తులు అందులోనే ఉన్నాయి. తన వాక్యం గనక ఆ పిల్ల దాన్ని చదివి తీరుతుంది. రేపు “మా నాయిన” అని మరోటి చెబుతుంది. తీసివేతలు రాకపోతే గుప్పెడు చింతగింజలు చాలు: పది గింజల కుప్పను విప్పి ఒకట్లలో కలిపి చూపిస్తే, ఏళ్ల తరబడి అర్థం కాని ‘అప్పు తెచ్చుకోవడం’ చేతికి తెలుస్తుంది. ధైర్యం వచ్చేది ఇలాంటి చోటే. ఉత్తుత్తి శభాష్‌లను పిల్లలు ఇట్టే కనిపెడతారు. నిన్న రానిది ఇవాళ వచ్చిందని వాళ్లకే తెలిసినప్పుడు వెనక బెంచీ నుంచి చెయ్యి లేస్తుంది. ‘మొద్దు’ అన్న మాట మాత్రం ఆ గంటలో ఎవరి నోటా రాకూడదు, తోటి పిల్లల నోటా రాకూడదు.

ఈ పద్ధతి పనిచేస్తుందని లెక్కగట్టి చూసినవాళ్లున్నారు. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్‌లో ‘ప్రథమ్‌’ సంస్థ శిక్షణ ఇచ్చిన గ్రామ వాలంటీర్ల పఠన శిబిరాలను అభిజిత్‌ బెనర్జీ, ఎస్తేర్‌ డఫ్లో బృందం పరిశీలించింది. ఈ ఇద్దరూ 2019లో నోబెల్‌ పంచుకున్న ఆర్థికవేత్తలు. శిబిరాలకు వచ్చిన పిల్లలు చదవడంలో స్పష్టంగా ముందుకెళ్లారు. అయితే ఆ ఊళ్ల పిల్లల్లో వచ్చింది 8 శాతం మందే. ఈ రెండో సంగతి నాకు మరీ ముఖ్యం. అవసరమైన పిల్లలు తమంతట తాము రారు. ఎవరో పోయి తీసుకురావాలి. ఆ పని పట్నం నుంచి ఆదివారం కారులో వచ్చి పెన్సిళ్లు పంచి వెళ్లేవాళ్ల వల్ల కాదు. ఏ ఇంటి తలుపు ఎప్పుడు తీసి ఉంటుందో, ఏ పిల్లాడు తమ్ముణ్ని చూసుకుంటూ ఇంట్లో ఆగిపోయాడో తెలిసినవాళ్లు కావాలి. నకిరేకల్‌కో నల్లగొండకో డిగ్రీకి పోయి సాయంత్రానికి ఊరు చేరే పిల్లలు, ఇంటర్‌ దాకా చదివి పెళ్లయి ఈ ఊరికి వచ్చిన కోడళ్లు ఈ పనికి సరైనవాళ్లు.

అడగాల్సింది ముందు బడి హెడ్మాస్టర్‌నే. ఏ పిల్లలకు అవసరమో సార్లకు, టీచర్లకు తెలుసు. వరండా ఒక గంట ఇస్తే చాలు. నలుగురూ చూసే చోటే కూర్చోవాలి, అమ్మానాన్నలకు ముందే చెప్పాలి. ఐదారుగురికి మించి పిల్లలను పెట్టుకోకపోవడం మంచిది. వారానికి ఒకసారి మూడు గంటల కన్నా రోజూ ఒక గంట మేలు. పత్తి ఏరే రోజుల్లో రాక తగ్గుతుంది. అప్పుడు చేను నుంచి తిరిగొచ్చాక, దీపాలు పెట్టే వేళకు గంట మార్చుకోవాలి తప్ప ఆ పిల్లల పేర్లు కొట్టేయకూడదు.

వాలంటీర్‌కు ఉద్యోగం రావచ్చు, పరీక్షలు దగ్గరపడవచ్చు. చెప్పకుండా మానేస్తే ‘నాకు రాదు కాబట్టే అక్క రావట్లేదు’ అనుకునే పిల్లలుంటారు. కాబట్టి వెళ్లడానికి రెండు వారాల ముందే ఇంకొకరిని తెచ్చి పక్కన కూర్చోబెట్టుకోవాలి. ఏ పిల్ల గుణింతాల దగ్గర ఉందో, ఏ పిల్లాడు ఒత్తులు దాటాడో ఒక నోటుబుక్కులో రాసి, పిల్లల ముందే ఆ పుస్తకాన్ని కొత్తగా వచ్చినవాళ్ల చేతిలో పెట్టాలి.