ల్యాప్‌టాప్ కచేరి

భరతముని నాట్యశాస్త్రంలో వాద్యాలను నాలుగు విధాలుగా విభజించాడు. తీగల వలన పలికేవి తతాలు. చర్మం బిగించినవి అవనద్ధాలు. కంచు మొదలైన లోహాలతో చేసినవి ఘనాలు. గాలి ఊదితే పలికేవి సుషిరాలు. వీణ, మృదంగం, తాళాలు, వేణువు వరుసగా వీటికి ఉదాహరణలు. ఈ విభజనకు ఆధారం నాదం పుట్టే చోటు. వైణికుని వేలు తీగను మీటడం మనం చూస్తాం. ఆ మరుక్షణమే స్వరాన్ని వింటాం. మార్దంగికుని అరచేయి విసురుగా పడితే ధ్వని గట్టిగా వస్తుందని ఎవరూ చెప్పకుండానే మనకు తెలుసు. కంటికి కనిపించే కారణానికీ, చెవికి వినిపించే కార్యానికీ ఉన్న ఈ బంధం ఎంత సహజమైనదంటే, దానిని గురించి మనం ఎన్నడూ ఆలోచించము.

ఇప్పుడు మరొక వేదికను ఊహించుకుందాం. బల్లమీద ఒక ల్యాప్‌టాప్ ఉంది. దాని వెనుక ఒక కళాకారుడు నిలబడి తెరవైపు చూస్తున్నాడు. సభామందిరం నాదంతో నిండిపోయింది. కాని అతని చేతివేళ్ళు మాత్రం అప్పుడప్పుడు స్వల్పంగా కదులుతున్నాయి. అతడు నిజంగా వాయిస్తున్నాడా, లేక ముందే సిద్ధం చేసిన పాటను వినిపిస్తూ ఊరకే నిలబడ్డాడా? తన ఉత్తరాలు తాను చదువుకుంటున్నాడేమో అని పరిహాసమాడినవారు కూడా ఉన్నారు. తతం కాదు, అవనద్ధం కాదు, ఘనం కాదు, సుషిరం కాదు. మరి ఇది వాద్యమేనా? దీనితో చేసేది కచేరియేనా? ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పాలంటే ముందుగా ఈ యంత్రం నాదాన్ని ఎలా పుట్టిస్తుందో తెలుసుకోవాలి.

కంప్యూటర్‌కు తెలిసినవి అంకెలు మాత్రమే. ధ్వని అంటే గాలిలో కలిగే ఒత్తిడి మార్పు. ఆ మార్పును అతి చిన్న కాలవ్యవధులలో కొలిచి అంకెలుగా రాసుకుంటే, వాటినుండి ధ్వనిని తిరిగి పుట్టించవచ్చు. సంగీతపు సీడీలలో ఒక్క సెకను ధ్వనికి ఒక్కొక్క స్పీకరు కోసం 44,100 అంకెలు ఉంటాయి. అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో పనిచేసిన మ్యాక్స్ మాథ్యూస్ 1957లో ఐబీఎం 704 యంత్రంకోసం ఒక ప్రోగ్రామ్ రాసి, 17 సెకన్ల స్వరరచనను దానిచేత పలికించాడు. అయితే ఆనాటి యంత్రానికి ఒక సెకను సంగీతాన్ని లెక్కకట్టడానికి సెకనుకంటె ఎంతో ఎక్కువ కాలం పట్టేది. ముందు లెక్క పూర్తికావాలి. ఆ తరువాతనే వినడం. చేతికీ చెవికీ నడుమ అంత దూరం ఉన్నప్పుడు కచేరి అసాధ్యం.

తరువాతి నాలుగు దశాబ్దాల చరిత్రను ఆ దూరాన్ని తగ్గించిన చరిత్రగా చెప్పవచ్చు. 1978లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో కొందరు స్వరకర్తలు చౌకగా దొరికిన చిన్న కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపి, ఒక యంత్రం చెప్పినదానికి మరొక యంత్రం బదులు చెప్పే విధంగా కచేరీలు చేశారు. 1980వ దశకంలో పారిస్‌లోని ఇర్కామ్ సంస్థలో మిల్లర్ పకెట్ ఒక ప్రోగ్రామ్‌ను రూపొందించి, మాథ్యూస్ గౌరవార్థం దానికి ‘మ్యాక్స్’ అని పేరు పెట్టాడు. వేదికమీద వాద్యకారుడు వాయిస్తుండగా కంప్యూటర్ అప్పటికప్పుడు స్పందించడానికి అది మార్గం చూపింది. 1990వ దశకం ముగిసేనాటికి, ఒకప్పుడు పెద్ద గదిని ఆక్రమించిన యంత్రాలు చేయలేని పనిని సంచిలో పట్టే ల్యాప్‌టాప్ చేయగలిగింది.

అయినా ఆ దూరం పూర్తిగా పోలేదు. కంప్యూటర్ అంకెలను ఒక్కొక్కటిగా కాక, చిన్నచిన్న కట్టలుగా స్పీకరుకు పంపుతుంది. ఈ కట్టను బఫర్ అంటారు. కట్టలో 256 అంకెలు ఉంటే, సెకనుకు 44,100 చొప్పున అవి సుమారు 5.8 మిల్లీసెకన్ల ధ్వనికి సరిపోతాయి. ఆ కాలంలో ధ్వని గాలిలో దాదాపు రెండు మీటర్లు ప్రయాణిస్తుంది. అంటే మీట నొక్కిన కళాకారునికి, తన వాద్యం రెండు మీటర్ల దూరంలో ఉన్నంత ఆలస్యంగా స్వరం వినిపిస్తుంది. ఇది ఇబ్బంది పెట్టదు. కట్టలో 2,048 అంకెలుంటే ఆలస్యం 46 మిల్లీసెకన్లు దాటుతుంది. లయ వాయించే చేతికి అది అడ్డు తగులుతుంది. పోనీ, కట్టను మరీ చిన్నది చేద్దామంటే, లెక్క సకాలంలో పూర్తికాక ధ్వని మధ్యలో తెగి చిటపటలాడుతుంది. కచేరికి ముందు ల్యాప్‌టాప్ కళాకారుడు ఈ రెండింటి మధ్య సమతౌల్యాన్ని వెదుక్కుంటాడు. వైణికుడు శ్రుతి చేసుకోవడం వంటిదే ఇది కూడా.

ఇక వాయించే పద్ధతి. జర్మనీలోని బెర్లిన్‌లో మోనోలేక్ అనే పేరుతో ఎలక్ట్రానిక్ సంగీతం చేసిన గెర్హార్డ్ బేలెస్, రాబర్ట్ హెంకె వంటివారి కృషితో ‘ఏబుల్టన్ లైవ్’ అనే సాఫ్ట్‌వేర్ 2001లో వెలువడింది. ఇందులో కళాకారుడు చిన్నచిన్న స్వరఖండాలను, లయఖండాలను ముందే సిద్ధం చేసుకొని తెరమీది గడులలో అమర్చుకుంటాడు. వేదికమీద ఏ గడిని ఎప్పుడు మేల్కొల్పాలో, దేనిని ఆపాలో, దేని నాదాన్ని ఎలా మార్చాలో అప్పటికప్పుడు నిర్ణయిస్తాడు. అతడు ఆవర్తనం మధ్యలో మీట నొక్కినా, ఆ ఖండం తరువాతి ఆవర్తనం మొదలయ్యేదాకా వేచి ఉండి సరిగ్గా సమంలో అందుకొనేటట్లు ఏర్పాటు చేసుకోవచ్చు. తాళం తప్పకుండా చూసే భారాన్ని యంత్రం మోస్తుంది. ఏది, ఎప్పుడు అనే భారం మాత్రం మనిషిదే.

ముందే సిద్ధం చేసుకొని రావడం మోసం కాదా అని కొందరికి సందేహం కలగవచ్చు. మన కర్ణాటక సంగీత కచేరినే చూడండి. గాయకుడు పాడే కృతి అతడు అప్పటికప్పుడు కల్పించినది కాదు. ఎన్నో ఏళ్ళు సాధన చేసి తెచ్చుకున్నది. రాగాలాపన, కల్పనస్వరాలు మనోధర్మం వలన ఆ వేదికమీదనే పుట్టేవి. సిద్ధమైనదీ అప్పటికప్పుడు పుట్టేదీ కలిసిననాడే కచేరి రక్తికడుతుంది. శ్రోతకు ఈ రెండింటి మధ్య భేదం తెలుసు. ల్యాప్‌టాప్ విషయంలో చిక్కు ఇక్కడే వస్తుంది. ఏది సిద్ధమైనదో, ఏది అప్పుడు పుట్టినదో శ్రోత తెలుసుకునే మార్గం లేదు. తెలియనిచోట అనుమానం సహజం. ఈ అనుమానాన్ని తొలగించడానికి కళాకారులు వేర్వేరు దారులు వెదికారు. వాటిలో రెండు ముఖ్యమైనవి.

మొదటిది తెరను అందరికీ చూపడం. 2004లో జర్మనీలోని హాంబర్గ్‌లో కొందరు సంగీతకారులు, ప్రోగ్రామ్ రచయితలు కలిసి ‘టాప్‌ల్యాప్’ అనే బృందంగా ఏర్పడ్డారు. కళాకారులు తమ తెరలను దాచకుండా చూపాలని వారు కోరారు. వీరు వేదికమీద ప్రోగ్రామ్‌ను అక్షరం అక్షరంగా రాస్తారు. సంగీతం ఆగదు, రాతను మార్చినకొద్దీ నాదం మారుతుంది. వెనుకనున్న పెద్ద తెరమీద శ్రోతలు ఆ రాతను చూస్తుంటారు. ఒక సంఖ్యను నాలుగునుండి అయిదుకు మారిస్తే చతురశ్రగతిలో నడిచే లయ ఖండగతిలోకి మళ్ళుతుంది. ప్రోగ్రామ్ రాయడం తెలియనివారు కూడా, ఇప్పుడొక మార్పు జరిగింది, దాని ఫలితం ఇది అని గ్రహించగలరు. తెగిపోయిన కార్యకారణ బంధం ఈ విధంగా మళ్ళీ ముడిపడింది.

తెలుగువారికి ఈ పద్ధతి మరీ కొత్తగా తోచకపోవచ్చు. అష్టావధానంలో నిషిద్ధాక్షరి అంశాన్ని చూసినవారికి తెలుస్తుంది. పృచ్ఛకుడు అక్షరాన్ని నిషేధించినప్పుడల్లా అవధాని మరొక అక్షరంవైపు మళ్ళుతూ పద్యాన్ని నడుపుతాడు. ఆ మలుపు మన కళ్ళెదుటనే జరుగుతుంది. పద్యం ఇంటివద్ద రాసుకొని వచ్చినది కాదనడానికి ఆ నిషేధమే సాక్ష్యం. అవధాని ఛందస్సును, శబ్దసంపదను ముందే సమకూర్చుకున్నాడు. పద్యాన్ని మాత్రం సభలోనే అల్లాడు. సభ ఆనందించేది ఆ పద్యాన్ని మాత్రమే కాదు, అది పుట్టడాన్ని కూడా.

రెండవది శరీరాన్నీ స్థానాన్నీ తిరిగి తేవడం. అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో డాన్ ట్రూమన్, పెర్రీ కుక్ అనే ఆచార్యులు 2005లో విద్యార్థులతో ఒక ల్యాప్‌టాప్ వాద్యబృందాన్ని నెలకొల్పారు. మామూలు కచేరిలో అందరి ధ్వనీ వేదికకు ఇరుపక్కలా ఉన్న స్పీకర్లనుండే వస్తుంది. ఎవరు ఏది వాయించారో తెలియదు. అందుచేత వీరు ప్రతి విద్యార్థి పక్కన ఒక అర్ధగోళాకారపు స్పీకరును ఉంచారు. నలుదిక్కులకూ వ్యాపించే ఆ ధ్వని, వాయించినవారు కూర్చున్న చోటినుండే వస్తుంది. 2008లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో గె వాంగ్ ఇటువంటి బృందాన్నే ప్రారంభించినప్పుడు, స్పీకర్ల తయారీకి సలాడ్ కలిపే చెక్కగిన్నెలను వాడుకున్నారు. ఆనాటి కొన్ని ల్యాప్‌టాప్‌లలో, యంత్రం జారిపడితే లోపలి డిస్కును కాపాడడానికి కదలికను పసిగట్టే పరికరం ఉండేది. ఈ కళాకారులు దానినే వాద్యంగా మలచుకున్నారు. ల్యాప్‌టాప్‌ను చేతులలోకి తీసుకొని ఒక పక్కకు వంచితే నాదం కూడా వంగుతుంది. ఆపదనుండి కాపాడే పరికరం ఆనందాన్నిచ్చే సాధనమైంది.

ఈ రెండు దారులనూ పరిశీలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. కచేరికి ప్రాణం వాద్యంలో లేదు. ఆ క్షణంలో మనిషి తీసుకునే నిర్ణయంలో ఉంది. నిర్ణయం ఉన్నచోట తప్పు జరిగే అవకాశం కూడా ఉంటుంది. వేదికమీద ప్రోగ్రామ్ రాసేవారి యంత్రం ఒక్కొక్కప్పుడు మధ్యలో మొరాయిస్తుంది; నాదం ఒక్కసారిగా ఆగిపోతుంది. అప్పుడు శ్రోతలు చప్పట్లు కొట్టి ప్రోత్సహించడం కూడా కద్దు. ఆ నిశ్శబ్దం, అంతవరకు విన్నది నిజమేనని వారికి తెలియజేస్తుంది.

ఈ సందర్భంలో నా అధ్యాపక జీవితంలోని ఒక సంఘటన గుర్తుకు వస్తున్నది. ఒక ఏడాది కళాశాల వార్షికోత్సవంలో ఒక విద్యార్థి మైకు పట్టుకొని ఎంతో మధురంగా పాడుతున్నాడు. సభ మైమరచి వింటున్నది. ఇంతలో కరెంటు పోయింది. వేదిక అంచున ఉన్న పెట్రోమాక్స్ దీపం వెలుగులో అతని పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి. పాట మాత్రం లేదు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మరునాడు అతడు నా గదికి వచ్చి తలవంచుకొని నిలబడ్డాడు. “నాకు ఆ పాట వచ్చు సార్. తప్పు పోతుందేమోనని భయపడి రికార్డు పెట్టాను” అన్నాడు. పాడమన్నాను. రెండు చరణాలూ పాడాడు. ఒకచోట శ్రుతి తప్పింది. అయినా ముందురోజు విన్న పాటకంటె అదే నాకు బాగున్నది. నిన్న నవ్వినందుకు సిగ్గుపడ్డాను.

ఆ విద్యార్థి చేసిన తప్పు యంత్రాన్ని వాడడం కాదు. సిద్ధం చేసినదానిని అప్పుడే పుట్టినట్లు నమ్మించబోవడం. యంత్రం వెనుక దాగినవాడు తప్పునుండి తప్పించుకోవచ్చు. కాని తనదనదగిన ఒప్పు కూడా అతనికి దక్కదు. వయొలిన్ ఒకప్పుడు మనకు పరాయి వాద్యమే. మన విద్వాంసులు దానిని ఒడిసిపట్టి, మన గమకాలను పలికించి, కచేరికి విడదీయరాని అంగంగా చేసుకున్నారు. ల్యాప్‌టాప్‌కు కూడా అటువంటి స్థానం లభిస్తుందా లేదా అనేది దానిని పట్టుకునే చేతులమీద ఆధారపడి ఉంటుంది. నేడు మీలో చాలామందికి కంప్యూటర్ కొత్త వస్తువు కాదు. దానితో పాట కట్టాలన్న కోరిక ఎవరికైనా కలిగితే కట్టండి. వేదిక ఎక్కినప్పుడు మాత్రం, ఎంతవరకు సిద్ధం చేసుకొని వచ్చారో దాచకండి. కొంతభాగాన్ని ఆ క్షణానికి విడిచిపెట్టండి. ఆ భాగంలో తప్పు దొర్లినా దొర్లవచ్చు. శ్రోతలు మీకోసం వచ్చేది ఆ భాగానికే.