డేరా పక్కన డిష్

పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచి పనికి బయలుదేరిన గుంపు సామాన్లు చూస్తే, వాళ్లు ఎన్నాళ్లకు పోతున్నారో తెలిసిపోతుంది. తట్టలు, పారలు, గడ్డపారలు, వంటగిన్నెలు, టార్పాలిన్ పట్టాలు, పసిపిల్లకు ఉయ్యాల కట్టే పాత చీర. ఆరునెలలకు పోయేవాళ్లయితే మూటల మీద బోర్లించిన డిష్ కూడా కనిపించవచ్చు. పుణె శివార్లలోనో ముంబయి పక్కనో వేసుకున్న డేరాలో రాత్రి అన్నం తిన్నాక తెలుగు మాట వినిపించడం వాళ్లకు చిన్న సంగతి కాదు.

విదేశాల్లో ఇల్లులాంటి బండ్లు ఉంటాయి. మంచం, పొయ్యి, స్నానాలగది అన్నీ అందులోనే. వాటికి ఎలాంటి టీవీ డిష్ పెట్టుకోవాలన్న విషయం మీద అక్కడ పెద్ద చర్చే నడుస్తుంది. పైకప్పు మీద బోర్లించిన బిందెలా ఉండే డోము కొనాలా, మోటారుతో తనంతట తానే ఉపగ్రహాన్ని వెతుక్కునే డిష్ కొనాలా, లేక మూడుకాళ్ల స్టాండు మీద నేలపై పెట్టుకునేది చాలా అని. మనదగ్గర అలాంటి బండ్లు తక్కువే గానీ కదిలే ఇళ్లు తక్కువేం కాదు. గుంపు మేస్త్రీ వెంట పోయే కుటుంబాల డేరాలు ఉన్నాయి. ఊరూరా తిరుగుతూ లారీలోనే పడుకునే బోరు బండి కుర్రాళ్లు ఉన్నారు. కురుమూర్తి జాతరకో చెరువుగట్టుకో వచ్చి రెండు రాత్రులు వ్యానులోనే గడిపేవాళ్లు ఉన్నారు. ఈ మధ్య పాత టెంపో ట్రావెలర్‌లో మంచం బిగించుకుని నాగార్జునసాగర్, డిండి, సోమశిల చుట్టివచ్చే కుటుంబాలూ తయారయ్యాయి. మాది అలాంటి కుటుంబమే.

మొదట మేం డిష్‌ను బండి పైకప్పుకే బిగించాం. దాని వల్ల పడిన ఇబ్బంది మన్ననూరులో తెలిసింది. శ్రీశైలం అడవిదారిని రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు కాబట్టి ఆ పూట అక్కడే ఆగాం. ఎండాకాలం. పగలంతా కాలిన రేకు చల్లారాలని బండిని చెట్ల కిందే పెట్టాం. డిష్‌కు ఆకులు తప్ప ఏమీ కనపడలేదు. సిగ్నల్ కోసం బండిని బయటికి తెస్తే మర్నాడు పొద్దున్నే లోపల కొలిమి. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎండల్లో బండికి నీడ కావాలి, డిష్‌కు ఆకాశం కావాలి. ఈ రెండూ ఒకచోట దొరకవు. ఇంటికి రాగానే డిష్‌ను విప్పి స్టాండుకు మార్చాం. అప్పటినుంచి 15 మీటర్ల ఆర్‌జీ-6 కేబుల్ చుట్ట మాతోనే ఉంటుంది. 20 మీటర్ల దాకా కేబుల్ సాగదీసినా మామూలు బాక్సుకు ఇబ్బంది రాదు. కాబట్టి నా సలహా మొదటే చెప్పేస్తాను. మన ప్రాంతంలో తిరిగేవాళ్లకు పైకప్పు డిష్ వద్దు, నేలమీది డిష్ మేలు. బండి రేకుకు రంధ్రాలు పడవు, వానకు కారదు, దారిలో కొమ్మలు తగలవు.

ఈ సలహా వెనక అసలు బలం మన ఆకాశానిది. టీవీ ఉపగ్రహాలు భూమధ్యరేఖకు నేరుగా పైన, దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున, భూమితో సమానంగా తిరుగుతూ మనకు కదలనట్టే కనిపిస్తాయి. భూమధ్యరేఖకు దూరమయ్యేకొద్దీ అవి దిగంతం వైపు దిగిపోతాయి. యూరప్‌లో చాలాచోట్ల 30 డిగ్రీల ఎత్తుకు అటూఇటూగా ఉంటాయి, ఎదురింటి గోడ కూడా అక్కడ అడ్డమే. మనం 17వ అక్షాంశం దగ్గర ఉన్నాం. దూరదర్శన్ ఫ్రీ డిష్ వచ్చేది 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 నుంచి. నల్లగొండలో నిలబడి చూస్తే అది ఆగ్నేయంగా, ఉత్తరం నుంచి సవ్యంగా లెక్కపెడితే 139 డిగ్రీల దిక్కున, 64 డిగ్రీల ఎత్తున ఉంటుంది. మహబూబ్‌నగర్‌లో దిక్కు 136, ఎత్తు 63న్నర. రెండు ఊళ్ల మధ్య ఎత్తులో తేడా ఒక డిగ్రీ కూడా లేదు. అంతెందుకు, ముంబయి పోయినా దిక్కు 131, ఎత్తు 57న్నర.

దీనివల్ల పని ఎంత తేలికవుతుందో చూడండి. పాత ఉమ్మడి జిల్లాలు రెండింటిలో ఎక్కడ తిరిగినా డిష్ వెనక ఎత్తు బోల్టును ముట్టుకోనక్కర్లేదు. ఒక్కసారి సరిగ్గా బిగించి, ఆ గీత మీద గోళ్లరంగుతో గుర్తు పెట్టుకుంటే చాలు. ఆగిన ప్రతిచోటా వెతకాల్సింది కుడిఎడమలు మాత్రమే. దానికి ఒక్కటే షరతు, స్టాండు గొట్టం నిట్టనిలువుగా ఉండాలి. గొట్టం రెండు డిగ్రీలు వాలితే ఎత్తు లెక్క అంతా తప్పుతుంది. 60 సెంటీమీటర్ల డిష్ చూపు వెడల్పు దాదాపు మూడు డిగ్రీలే, అంటే అటు ఒకటిన్నర, ఇటు ఒకటిన్నర. ఈ విషయంలో కూలి గుంపులవాళ్లు నాలాంటివాళ్లకంటే ముందున్నారు. మేస్త్రీ సంచిలో రసమట్టం ఎప్పుడూ ఉంటుంది. గొట్టానికి రెండు పక్కలా ఆనించి చూస్తే క్షణంలో తేలిపోతుంది. స్టాండు కొనకపోయినా, పాత రంగుడబ్బాలో గొట్టం నిలబెట్టి కాంక్రీటు పోస్తే గాలికి కదలని పీట తయారవుతుంది.

ఎదురుగా గుట్టో బండరాయో ఉంటే ఎంత దూరం జరగాలన్నది మన నేలకు ప్రత్యేకమైన ప్రశ్న. దేవరకొండ వైపు, అచ్చంపేట వైపు ఎక్కడ ఆగినా ఒక గుండు నెత్తిమీదికి వచ్చినట్టే ఉంటుంది. 64 డిగ్రీలకు లెక్క చాలా సులువు. అడ్డం ఎంత ఎత్తుంటే అందులో సగం దూరం జరిగితే చాలు. పది మీటర్ల బండకు ఐదు మీటర్లు. అదీ ఆగ్నేయం వైపున్న బండకే, మిగతా దిక్కుల్లో కొండే ఉన్నా పట్టించుకోనక్కర్లేదు. చెట్టుకూ ఇదే లెక్క. మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రి లాంటి ఊడల మర్రి కింద మాత్రం ఏ లెక్కా పనిచేయదు, బయటికి రావలసిందే.

ఇక్కడ చాలామంది మోసపోయే సంగతి ఒకటి ఉంది. మన డిష్‌లు చూసే వైపు ఒకటి, చూస్తున్నట్టు కనిపించేది మరొకటి. డిష్ ముందు కడ్డీ చివర ఉండి సిగ్నల్ పట్టే ఎల్ఎన్‌బీ నీడ డిష్ మీద పడకుండా దాన్ని కిందికి జరిపి చేస్తారు కాబట్టి, అసలు చూపు పళ్లెం ముఖానికంటే 20 డిగ్రీలకు పైగా పైకి ఉంటుంది. డిష్ ముఖం 40 డిగ్రీల ఎత్తుకే తిరిగినట్టు కనిపిస్తున్నా అది చూసేది 64 డిగ్రీల దగ్గరి ఆకాశాన్ని. ఎదురుగా ఖాళీ పొలమే కదా అనుకుంటాం, పైన వేలాడే వేపకొమ్మ బొమ్మను ఆపేస్తుంది.

ఇక ఏ కనెక్షన్ అన్నది. దీన్ని ఛానెళ్ల జాబితాతో కాదు, ఆకాశంలో చోటుతో మొదలుపెట్టి ఆలోచించాలి. టాటా ప్లే ఉపగ్రహాలు 83 డిగ్రీల దగ్గర ఉన్నాయి. నల్లగొండకు అది దాదాపు దక్షిణంగా, 69న్నర డిగ్రీల ఎత్తున ఉంటుంది. గుట్టల మధ్య ఆగేవాళ్లకు అన్నిటికంటే అనువైనది ఇదే. డీ2హెచ్ 88 దగ్గర, డిష్ టీవీ 95 దగ్గర. ఎయిర్‌టెల్ 108.2 దగ్గర. అది తూర్పు ఆగ్నేయంలో 51 డిగ్రీలకు దిగిపోతుంది కాబట్టి పది మీటర్ల బండకు ఎనిమిది మీటర్లు జరగాలి. మైదానంలో ఉండేవాళ్లకు ఈ తేడా లెక్కలోకి రాదు, అమ్రాబాద్ దారిలో వస్తుంది.

ఫ్రీ డిష్ 2004 డిసెంబరులో మొదలైంది. బాక్సు, డిష్ ఒకసారి కొంటే నెలనెలా కట్టేది ఏమీ ఉండదు. దూరదర్శన్ యాదగిరి, సప్తగిరి వస్తాయి. తెలుగు ప్రైవేటు ఛానెళ్లు తక్కువ, ఉన్నవీ మారుతుంటాయి. నా దృష్టిలో రెండు రోజులకోసారి ఊరు మారే బోరు లారీకి, ఏడాదిలో నాలుగుసార్లు తిరిగే మా బండికి ఇదే సరి. వాడని నెలలకు డబ్బు పోదు. ఆరునెలలు ఒకేచోట డేరా వేసే గుంపుకు మాత్రం డబ్బు కట్టే కనెక్షనే న్యాయం. పగలంతా మట్టి మోసివచ్చిన అమ్మకు తనకిష్టమైన సీరియల్ దొరకాలి. ఊళ్లో ఉన్న బాక్సునే వెంట తీసుకుపోవచ్చు, కేబుల్ టీవీలా ఊరి తీగకు కట్టుబడి ఉండదు. చిరునామా మారినట్టు కంపెనీకి చెప్పడం మంచిది. గుంపంతా కలిసి ఒక్క కనెక్షన్ పెట్టుకుంటే తలా కొంత వేసుకున్నా భారం కాదు.

అలా ఒక్క టీవీ ముందు ఊరంతా కూర్చోవడం పాలమూరుకు కొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా, అమెరికా నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఇస్రో ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు నేరుగా టీవీ చూపించింది. సైట్ అని పేరు. అప్పటి ఉమ్మడి రాష్ట్రం నుంచి ఎంచుకున్న జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. కోళ్లగూడుకు కట్టే జాలీతో చేసిన పదడుగుల డిష్‌లు అవి. వాటిని, టీవీ సెట్లను తయారుచేసింది హైదరాబాద్ ఈసీఐఎల్. బొమ్మ ఒకటే, మాట రెండు దారుల్లో వచ్చేది, మన పల్లెలకు తెలుగు, పక్క రాష్ట్రానికి కన్నడం. కరెంటు లేని కొన్ని ఊళ్లలో బ్యాటరీలతో నడిపారు. అప్పటికి ప్రపంచంలో ఎన్నో పెద్ద నగరాల ఇళ్లకు లేని సౌకర్యం, ఉపగ్రహం నుంచి నేరుగా బొమ్మ, వానకోసం ఎదురుచూసే ఈ మెట్ట ఊళ్లకు వచ్చింది. ఆ సంగతి ఈ జిల్లా పాఠ్యపుస్తకంలో ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

పదడుగుల జాలీ నుంచి రెండడుగుల పళ్లేనికి రావడానికి కారణం, ఇప్పటి ఉపగ్రహాలు కేయూ బ్యాండ్‌లో పంపడం. అలలు చిన్నవైతే చిన్న డిష్ చాలు. దానికి చెల్లించే మూల్యం జోరువానలో బొమ్మ గళ్లుగళ్లుగా విరిగి ఆగిపోవడం. పెద్ద డిష్ కొంటే కొంత నయమే. 75 సెంటీమీటర్ల డిష్ వైశాల్యం 60 దానికి ఒకటిన్నర రెట్లు. కానీ దాని చూపు ఇంకా సన్నం, చోటు మారిన ప్రతిసారీ వెతుకులాట ఎక్కువ. కోస్తాతో పోలిస్తే మనకు ముసురు తక్కువ కాబట్టి తిరిగేవాళ్లకు 60 చాలు. వానకంటే నేను భయపడేది ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం లేచే గాలిదుమారానికి, పిడుగుకు. మబ్బు పట్టగానే కేబుల్‌ను బాక్సు నుంచి పీకెయ్యాలి. స్విచ్చి ఆపితే సరిపోదు.

కరెంటు సంగతి కొంచెం నిదానంగా చూడాలి. చాలా బాక్సులు అడాప్టర్ నుంచి తీసుకునేది 12 వోల్టులే, అడాప్టర్ మీద రాసి ఉంటుంది. ఎల్ఎన్‌బీకి కావలసినది బాక్సే కేబుల్‌లో పంపుతుంది. 24 అంగుళాల ఎల్ఈడీ టీవీ, బాక్సు కలిపి దాదాపు 40 వాట్లు. 100 ఆంపియర్ అవర్ బ్యాటరీలో 1,200 వాట్ అవర్లు ఉంటాయి. అది పాడవకుండా సగమే వాడుకుంటే 15 గంటల బొమ్మ. ఇన్వర్టర్ పెట్టి 12ను 230 చేసి, అడాప్టర్‌తో మళ్లీ 12 చేస్తే మధ్యలో కొంత వృథా అవుతుంది. అందుకే 12 వోల్టుల టీవీ దొరికితే అదే కొనండి. లారీవాళ్లకు ఒక హెచ్చరిక. లారీల్లో సాధారణంగా రెండు బ్యాటరీలు కలిపి 24 వోల్టులు ఉంటాయి. బాక్సును దానికి నేరుగా తగిలిస్తే కాలిపోతుంది, 24 నుంచి 12కు తగ్గించే కన్వర్టర్ తప్పనిసరి.

డిష్ తిప్పేటప్పుడు మన ఇళ్లన్నిటా ఒకే దృశ్యం. బయట ఒకరు, లోపల ఒకరు. “వచ్చిందా?” “రాలే అన్నా, జర ఇటు తిప్పు.” “ఇప్పుడు?” “ఆ, వచ్చింది, వచ్చింది... పోయింది!” ఇక్కడ తొందరే శత్రువు. బాక్సు కొత్త బొమ్మను పట్టడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. వేలెడంత తిప్పి, మూడు అంకెలు లెక్కపెట్టి, మళ్లీ తిప్పాలి. తెరమీద కనిపించే రెండు గీతల్లో స్ట్రెంత్‌ను నమ్మొద్దు, పక్క ఉపగ్రహం తగిలినా అది నిండుగానే ఉండొచ్చు. చూడాల్సింది క్వాలిటీ. అది సగంలో ఆగిపోతే ఎల్ఎన్‌బీని పట్టులోనే కొద్దికొద్దిగా మెలితిప్పండి. జీశాట్-15 మనకు తూర్పుగా ఉంది కాబట్టి ఎల్ఎన్‌బీ దాదాపు 40 డిగ్రీలు వాలి ఉండాలి. సెల్‌ఫోన్ దిక్సూచితో దిక్కు చూసేటప్పుడు బండి ఇనుముకు నాలుగడుగుల దూరంలో నిలబడాలి, లేకపోతే ముల్లు తప్పు చెబుతుంది.

దిక్సూచి కూడా అక్కర్లేని రోజులు ఏడాదిలో రెండుసార్లు వస్తాయి. మార్చి రెండోవారం చివర, మళ్లీ అక్టోబరు మొదట్లో, కొన్నిరోజులపాటు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనకగా దాటుతాడు. జీశాట్-15కు అది మార్చిలో ఉదయం దాదాపు 11:15కు, అక్టోబరులో 11 గంటల ప్రాంతంలో. అప్పుడు కొన్ని నిమిషాలు బొమ్మ పోతుంది, బాక్సు చెడిపోయిందని కంగారుపడొద్దు. ఆ సమయానికి డిష్ పెట్టాలనుకున్న చోట నేలమీద ఎండ పడుతోందా, నీడ ఉందా చూడండి. ఎండ పడితే ఆ చోటుకు ఉపగ్రహం కనిపిస్తున్నట్టే. సోమశిలలో మేం ఎప్పుడూ ఆగే చోట అలా చూసి ఒక రాయి పాతాం. ఇప్పుడు బండి వేపచెట్టు కిందికి చేరేలోపే మా పిల్లలు స్టాండు తీసుకుని ఆ రాయి దగ్గరికి పరుగెడతారు.