గోథిక్ కథలు: తాళం వేసిన గది అడిగే ప్రశ్న

పాడుబడిన కోట, తాళం వేసిన గది, అర్ధరాత్రి మెట్ల మీద అడుగుల చప్పుడు. ఇలాంటి కథ ఏది చదివినా విద్యార్థులు ముందుగా అడిగే మాట ఒకటే: దయ్యాలు నిజంగా ఉన్నాయా? రెండున్నర శతాబ్దాలకు పైగా పాఠకులను భయపెడుతూ వస్తున్న గోథిక్ సాహిత్యానికి ఆ ప్రశ్న మీద పెద్దగా ఆసక్తి లేదు. ఆ గదికి తాళం వేసినవారు ఎవరు, లోపల దేనిని దాచారు అన్నదే దాని ప్రశ్న. ఈ తేడా గ్రహించిన విద్యార్థికి గోథిక్ కథ సమాజాన్ని చదివే పాఠంగా కూడా ఉపయోగపడుతుంది.

పేరు వెనుక కథ

గోత్‌లు ఐరోపాకు చెందిన ప్రాచీన జర్మానిక్ తెగలవారు. వారిలో ఒక శాఖ అయిన విసిగోత్‌లు క్రీ.శ. 410లో రోమ్ నగరాన్ని కొల్లగొట్టారు. ఆ తరువాత ఎన్నో శతాబ్దాలకు, పునరుజ్జీవన కాలపు ఇటలీ రచయితలు మధ్యయుగపు కట్టడాల శైలిని అనాగరికమని నిందించడానికి ఆ తెగ పేరును వాడుకున్నారు. నిజానికి ఆ శైలికీ గోత్‌లకూ సంబంధం లేదు. అది 12వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో రూపుదిద్దుకున్నది. కొనదేలిన కమానులు, నింగికెగసే శిఖరాలు, రంగుటద్దాల కిటికీలు దాని గుర్తులు.

18, 19 శతాబ్దాలలో బ్రిటన్ ఈ శైలిని మళ్లీ ఆదరించింది. బ్రిటిష్ పాలనతో పాటు అది భారతదేశానికీ వచ్చింది. ముంబయిలోని ఛత్రపతి శివాజీ మహరాజ్ టెర్మినస్ రైల్వే స్టేషన్ అందుకు ప్రసిద్ధ ఉదాహరణ. తెలంగాణలో 1924లో ప్రారంభమైన మెదక్ చర్చి కూడా ఈ శైలిలోనిదే.

కల నుంచి పుట్టిన నవల

కట్టడాల పేరు కథలకు రావడానికి కారకుడు హోరేస్ వాల్పోల్ అనే ఆంగ్ల రచయిత. ఒక పెద్ద మెట్లవరుస పైభాగాన కవచం తొడిగిన బ్రహ్మాండమైన చేయి తనకు కలలో కనిపించిందని, దాని నుంచే నవల మొదలైందని ఆయన మిత్రుడికి లేఖ రాశారు. ఆ నవల పేరు 'ద క్యాసిల్ ఆఫ్ ఒట్రాంటో'. 1764 చివరలో వెలువడినప్పుడు దానిని పాత ఇటాలియన్ గ్రంథానికి అనువాదంగా ప్రకటించారు. మరుసటి ఏడాది రెండవ ముద్రణలో వాల్పోల్ అది తన రచనేనని ఒప్పుకొని, 'గోథిక్ కథ' అన్న ఉపశీర్షికను చేర్చారు.

ఈ నవలలో రాకుమారుడు పెళ్లినాడే ఆకాశం నుంచి పడిన పెద్ద శిరస్త్రాణం కింద నలిగి మరణిస్తాడు. చివరికి తేలేదేమంటే, ఆ వంశానికి రాజ్యం సంక్రమించింది ధర్మంగా కాదు. తాత అసలు పాలకుడికి విషమిచ్చి గద్దెనెక్కాడు. పాలిస్తున్నవారు దాచిన నేరాన్ని బయటపెట్టడానికే ఇక్కడ అద్భుతాలు సంభవిస్తాయి. గోథిక్ కథకు మూలసూత్రం ఇదే: పాతిపెట్టిన గతం పైకి లేస్తుంది.

భయంలో రెండు రకాలు

1794లో ఆన్ రాడ్‌క్లిఫ్ రాసిన 'ద మిస్టరీస్ ఆఫ్ ఉడోల్ఫో' నవలలో ఎమిలీ అనే అనాథ యువతి కొండ మీది కోటలో చిక్కుకుంటుంది. అక్కడ దయ్యాలన్న అనుమానం ఉంటుంది. అయితే అసలు ప్రమాదం సజీవుడైన మనిషి నుంచే. కోట యజమాని మోంటోని ఆమె ఆస్తి కోసం కాగితాల మీద సంతకం పెట్టమని ఒత్తిడి చేస్తాడు. 1882 నాటి చట్టం వచ్చేవరకు ఇంగ్లండులో వివాహితకు సొంత ఆస్తి మీద పూర్తి హక్కు లేదు. ఆనాటి పాఠకురాళ్లకు ఎమిలీ భయం కల్పన మాత్రమే కాదు.

భయంలో రెండు రకాలున్నాయని రాడ్‌క్లిఫ్ వివరించారు. ఏదో జరగబోతోందన్న సందేహం మనసును విశాలం చేసి, మేల్కొలుపుతుంది. ఘోరాన్ని కళ్లముందు నిలిపితే మనసు గడ్డకట్టుకుపోతుంది. మంచి భయానక కథలో తలుపు తెరుచుకునే ముందు క్షణమే ఎందుకు ఎక్కువ వణికిస్తుందో ఈ వివరణ చెబుతుంది.

1847లో షార్లెట్ బ్రాంటీ రాసిన 'జేన్ ఐర్'లో ఆ గది మేడ పైన ఉంటుంది. అందులో బందీగా ఉన్నది ఇంటి యజమాని మొదటి భార్య. జమైకా నుంచి వచ్చిన ఆమె కట్నంగా పెద్ద సంపదనే తెచ్చింది. ఆ నవలలో ఆమెకు తన కథ చెప్పుకునే అవకాశం లేదు. కరీబియన్ ద్వీపమైన డొమినికాలో జన్మించిన జీన్ రీస్ 1966లో 'వైడ్ సర్గాసో సీ' రాసి, ఆ స్త్రీకి గొంతునిచ్చారు.

రాక్షసుడు ఎవరు?

1815లో ఇండోనేషియాలోని తంబోరా అగ్నిపర్వతం బద్దలైంది. దాని ప్రభావంతో మరుసటి ఏడాది ఐరోపాకు సరైన వేసవి లేకుండా పోయింది. జెనీవా సరస్సు తీరాన వానల వల్ల ఇంట్లోనే గడుపుతున్న మిత్రబృందంతో, తలా ఒక దయ్యం కథ రాద్దామని కవి బైరన్ అన్నారు. వారిలో 18 ఏళ్ల మేరీ మొదలుపెట్టిన కథే 1818లో రచయిత్రి పేరు లేకుండా వెలువడిన 'ఫ్రాంకెన్‌స్టయిన్'.

చాలామంది ఫ్రాంకెన్‌స్టయిన్ అంటే రాక్షసుడి పేరనుకుంటారు. అది అతనిని సృష్టించిన యువకుడి పేరు. సృష్టికి పేరు కూడా లేదు. పుట్టిన క్షణాననే సృష్టికర్త వదిలిపోయాడు. ఊరివారు రూపం చూసి రాళ్లు విసిరారు. ప్రేమ కోరి వచ్చినవాడు ఆ తరువాతే హంతకుడవుతాడు. ప్రాణం పోసి బాధ్యత తీసుకోనివాడిని ఏమనాలన్న ప్రశ్న నేటి విజ్ఞానశాస్త్ర తరగతిలోనూ చర్చకు వస్తుంది.

గోథిక్ సంప్రదాయానికి లోపాలు లేకపోలేదు. 1897 నాటి బ్రామ్ స్టోకర్ 'డ్రాక్యులా'లో ముప్పు తూర్పు ఐరోపా నుంచి వచ్చిన పరాయివాడి రూపంలో లండన్ చేరుతుంది. తమకు భిన్నమైనవారిని భూతాలుగా చూపే అలవాటు ఈ కథల్లో తరచూ కనిపిస్తుంది. దానిని గుర్తించడమూ చదువులో భాగమే.

ఆకలిగొన్న రాళ్లు

భారతీయ సాహిత్యంలోనూ ఈ ధోరణికి బలమైన ఉదాహరణలున్నాయి. రవీంద్రనాథ్ టాగోర్ 1895లో రాసిన 'క్షుధిత పాషాణ్' వాటిలో ముఖ్యమైనది. పత్తి సుంకం వసూలు చేసే ఉద్యోగి ఒకరు నిర్జనమైన పాలరాతి భవనంలో బస చేస్తారు. ఒకప్పుడు అక్కడ బందీలైన స్త్రీల తీరని కోరికలు, వేదన రాళ్లలోకి ఇంకిపోయి అతనిని ఆవహిస్తాయి. యౌవనారంభంలో అహ్మదాబాద్‌లోని షాహీబాగ్ భవనంలో గడిపిన రోజులు టాగోర్‌కు ఈ కథను స్ఫురింపజేశాయి.

తెలుగు ప్రేక్షకులకు బాగా తెలిసిన 2005 నాటి తమిళ చిత్రం 'చంద్రముఖి'లోనూ మూసిన గది ఉంది. అందులోని నర్తకిని విజయనగరం నుంచి రాజు బలవంతంగా తెచ్చినట్టు కథ. అందుకే తమిళ చిత్రంలోనూ ఆమె పాట తెలుగులోనే సాగుతుంది. ఆ గదిలో దాగినది కూడా ఒక అన్యాయమే.

ఈ చదువు పుస్తకంతో ఆగదు. చేతబడి చేశారన్న అనుమానంతో ఇరుగుపొరుగువారిపై దాడులు చేసిన, ప్రాణాలు తీసిన ఘటనలు తెలుగు రాష్ట్రాలలోనూ జరిగాయి. ఫ్రాంకెన్‌స్టయిన్ సృష్టిపై రాళ్లు విసిరిన ఊరికీ, ఆ గుంపులకూ తేడా తక్కువ. కథలోని భయాన్ని ఆస్వాదించడం వేరు, ఆ భయాన్ని ఒక మనిషికి అంటగట్టడం వేరు. ఈ భయం వల్ల ఎవరికి లాభం, ఎవరి మాట వినిపించడం లేదు అని తరగతి గదిలో అడగడం నేర్చుకున్న విద్యార్థి, అదే ప్రశ్నను తన వీధిలోనూ అడగగలుగుతాడు.