ఊపిరితిత్తుల డాక్టరు గుండె పరీక్షలు ఎందుకు రాస్తారు?

ఏళ్ళ తరబడి షుగర్ ఉన్న మనిషి మెట్లెక్కితే ఆయాసం వస్తోందని ఛాతీ డాక్టరు దగ్గరికి వెళ్తారు. గొట్టంలోకి ఊదించే పరీక్షతోపాటు ఈసీజీ, ఎకో కూడా చీటీలో ఉంటాయి. ‘నాకు గుండెనొప్పే లేదు కదా, ఇవెందుకు?’ అని అడగనివాళ్ళు తక్కువ.

నొప్పి లేదన్న మాట మీద డాక్టరు భరోసా పెట్టుకోలేరు. దీర్ఘకాలం షుగర్ ఉంటే నరాలు దెబ్బతింటాయి. అరికాళ్ళ తిమ్మిర్లు అందరికీ తెలిసినవే. గుండె నొప్పిని మెదడుకు చేరవేసే నరాలూ అలాగే మొద్దుబారవచ్చు. అప్పుడు రక్తనాళం మూసుకుపోతున్నా ఛాతీలో నొప్పి ఉండదు. ఆయాసం, చెమట, నీరసం మాత్రమే కనిపిస్తాయి.

అలాగని ఊపిరితిత్తులు నిర్దోషులని కాదు. గాలి గదుల చుట్టూ ఉండేది సన్నని రక్తనాళాల వల. కంటినీ కిడ్నీనీ పాడుచేసే షుగర్ దాని జోలికి వెళ్ళకుండా ఉంటుందా? ఎక్కువైన గ్లూకోజు కొల్లాజెన్ అనే ప్రోటీన్‌కు అంటుకుని దాన్ని బిగుసుకునేలా చేస్తుంది, ఊపిరితిత్తులు సాగే గుణం కొంత తగ్గుతుంది. మిగులు శక్తి చాలా ఉన్న అవయవం కాబట్టి ఈ నష్టం ఒక్కటే అయితే తెలియకుండానే గడిచిపోతుంది. చుట్టో, కట్టెల పొయ్యి పొగో, పాత టీబీ మచ్చో తోడైతేనే బయటపడుతుంది. షుగర్ ఉన్నవారికి టీబీ వచ్చే ముప్పు కూడా మిగతావారికన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ.

గుండె, ఊపిరితిత్తుల్లో ఒకదాని జబ్బు రెండోదానికి ఎలా పాకుతుంది? గుండె ఎడమవైపు కండరం బిగుసుకుంటే సరిగా వదులు కాదు. లోపలికి రావలసిన రక్తం వెనకే, ఊపిరితిత్తుల్లో ఆగి నెమ్ము చేరుతుంది. పడుకుంటే ఊపిరాడక రెండు మూడు దిండ్లు ఎత్తు పెట్టుకునేది అందుకే. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పరిశోధకులు 1974లోనే లెక్క చెప్పారు: షుగర్ ఉంటే గుండె వైఫల్యం మగవారిలో రెండు రెట్లకు పైగా, ఆడవారిలో అయిదు రెట్లు.

ఎదురు దారి కూడా ఉంది. గాలి అందని చోటికి రక్తం పోకుండా ఊపిరితిత్తుల నాళాలు ముడుచుకుంటాయని 1946లో ఆయిలర్, లిల్యెస్ట్రాండ్ అనే స్వీడన్ శాస్త్రవేత్తలు పిల్లుల మీద ప్రయోగాలతో చూపించారు. నిమోనియాలాగా ఒక మూలకే జబ్బు వస్తే అది మేలే. పొగతో ఊపిరితిత్తులంతా దెబ్బతిని ఎక్కడికక్కడ నాళాలు ముడుచుకుంటే మాత్రం ఆ ఒత్తిడికి ఎదురుగా గుండె కుడివైపే రక్తాన్ని తోయాలి. అది అలసిపోతే కాళ్ళు వాస్తాయి.

మందుల దగ్గరా షుగర్, గుండె, ఊపిరితిత్తులు మూడూ ముడిపడతాయి. ఆయాసానికి ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలు షుగర్‌ను పెంచుతాయి. అలాగని వాటిని సొంతంగా ఆపెయ్యకూడదు, షుగర్ మందును సరిచేయించుకోవాలి. షుగర్‌కు వాడే పయోగ్లిటాజోన్ ఒంట్లో నీరు నిలిచేలా చేస్తుంది, గుండె వైఫల్యం ఉన్నవారికి అది తగదు. కాబట్టి ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా మిగతా ఇద్దరి చీటీలూ వెంట తీసుకెళ్ళండి. ఉన్నట్టుండి ఆయాసం, చెమటలు పడితే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళి ఈసీజీ తీయించుకోండి.