విరిగిన పన్ను సెలవుల దాకా ఆగదు

మన ఇళ్ళల్లో ఎవరికి పన్ను విరిగినా మొదట వినిపించే మాట ఒకటే. "సెలవులకి ఎలాగూ విశాఖపట్నం వెళ్తున్నాం కదా, అక్కడ మన డాక్టరుగారికి చూపిద్దాం." భాష తెలిసిన డాక్టరు మీద నమ్మకం సహజమే, కాదనము. కాని మన సెలవులెప్పుడో పన్నుకి తెలియదు కదా!

యాంగోన్‌లో పన్ను విరగడానికి కారణాలకు కరువు లేదు. లఫెట్ పళ్ళెంలో వేయించిన గట్టి గింజలు, మన కిళ్ళీకి వేలువిడిచిన చుట్టమైన కూన్‌యాలోని వక్క పలుకులు, వానాకాలంలో పాచి పట్టిన మెట్లు. ఇక పిల్లలకైతే కారణమే అక్కరలేదు.

విరిగిన ముక్క ఎంత పెద్దదన్నది కాదు, విరుపు ఎంత లోతుకి దిగిందన్నది ముఖ్యం. పైన తెల్లగా మెరిసే ఎనామెల్ మాత్రమే పోతే నొప్పి ఉండదు. అంచు నున్నగా అరగదీస్తే సరిపోవచ్చు. దాని కింద పసుపు ఛాయలో ఉండే డెంటిన్ బయటపడితే చన్నీళ్ళకి జివ్వుమంటుంది. ఒకటి రెండు రోజుల్లో కప్పించాలి. విరిగిన చోట ఎర్రటి చుక్క కనిపించినా, రక్తం వచ్చినా నరం ఉండే పల్ప్ బయటపడిందన్నమాట. అప్పుడు ఆ రోజే వెళ్ళాలి.

పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఏడెనిమిదేళ్ళ వయసులో ముందు పళ్ళు బయటికి వచ్చినా వాటి వేరు ఇంకా పూర్తిగా పెరగదు. వెంటనే తీసుకువెళ్తే డాక్టరు పల్ప్‌లో పైన కొంచెం మాత్రం తీసి, మందు వేసి మూస్తారు. వేరు పెరుగుతూనే ఉంటుంది. స్వీడన్‌లో స్వెక్ అనే వైద్యుడు 1978లో ప్రకటించిన పద్ధతి ఇది. నెలల తరబడి వదిలేస్తే పల్ప్ చచ్చి, వేరు పలుచగా ఉండగానే ఎదుగుదల ఆగిపోతుంది. అటువంటి పన్ను చిన్న దెబ్బకే విరిగిపోవచ్చును.

ముక్క దొరికితే పారేయకండి. పాలలోనో నీళ్ళలోనో వేసి తీసుకువెళ్ళండి. చాలాసార్లు దానినే తిరిగి అతికిస్తారు. దొరకకపోతే కాంపోజిట్ ఉన్నది. పన్ను మీద ఆమ్లం రాసి గరుకు చేస్తే రెసిన్ గట్టిగా పట్టుకుంటుందని అమెరికాలో బునోకోర్ 1955లో చూపించాడు. నేటి అతుకులన్నిటికీ అదే పునాది. రంగు కలిపి, పొరలుగా వేసి, నీలికాంతితో గట్టిపరుస్తారు. సాధారణంగా ఒక్క పూటలో అయిపోతుంది. టీకి, కూన్‌యాకి రంగు మారుతుంది, కొన్నేళ్ళకి అంచు రాలవచ్చు కూడా. అయినా మళ్ళీ సరిచేయించుకోవచ్చు.

క్రౌను ఎక్కువ కాలం మన్నుతుంది, నిజమే. కాని దానికోసం మంచి పన్నుని చుట్టూ అరగదీయాలి. అరిగినది తిరిగి రాదు. చిన్న విరుపుకి ఎవరైనా నేరుగా క్రౌను అంటే, "కాంపోజిట్ ఎందుకు చాలదండీ?" అని అడగడంలో మొగమాటం వద్దు. పన్ను చాలావరకు పోయినప్పుడు, లేదా రూట్ కెనాల్ చేసిన దవడ పన్నుకి, క్రౌను సబబే.

ఇక్కడ మంచి వైద్యులుంటారా అనే సందేహం అక్కరలేదు. ఈ ఊళ్ళో దంతవైద్య విద్య 1964లోనే మొదలైంది. ఆనాటి కళాశాల ఇప్పుడు విశ్వవిద్యాలయం. బర్మా భాషలో పన్నుని 'త్వా' అంటారు, 'వెళ్ళు' అనడానికీ అదే మాట! 'త్వా సయావున్' అని అడిగితే పళ్ళ డాక్టరు ఎక్కడో ఎవరైనా చూపిస్తారు. కరెంటు కోతల రోజుల్లో మాత్రం జనరేటరు ఉన్నదా అని ముందుగా ఫోనులో కనుక్కోండి. పనిముట్లు ఆటోక్లేవ్‌లో శుద్ధి చేస్తారా అనీ అడగండి.

ఈలోగా పదునైన అంచు నాలుకకి కోసుకోకుండా కాస్త మైనం అద్దవచ్చు. నొప్పికి చిగురు మీద ఆస్ప్రిన్ బిళ్ళ పెట్టే అలవాటు మానాలి, చర్మం కాలుతుంది.

ఇక్కడ తీసిన ఎక్స్‌రే, డాక్టరు రాసిన చీటీ జాగ్రత్తగా దాచుకోండి. క్రౌను పని ఏమైనా మిగిలితే అప్పుడు నిశ్చింతగా విశాఖలో చేయించుకోవచ్చును.